కావలివాడు చూడరాని గది

(ధ్యానమునకు: యెహోషువ 7వ అధ్యాయము, 139వ కీర్తన)



నేను పల్లెటూరి బడిలో పాఠములు చెప్పి విరమించుకొనినవాడను. యంత్రములను గూర్చి వ్రాయుటకు నాకు యోగ్యత లేదు. అయినను కడచిన క్రిస్మసు దినములలో మా యింటి కంప్యూటరు మూలముగా ప్రభువు నాకు ఒక పాఠము నేర్పెను. అది నన్ను సిగ్గుపరచిన పాఠము. దాచుకొనినయెడల నష్టము నాదే గనుక దాచక వ్రాయుచున్నాను. మన సంఘములలో ఇప్పుడు అనేకుల యిండ్లలో కంప్యూటరు ఉన్నది. కాబట్టి ఇది మీకును పనికి రావచ్చును.

మా సంఘమునకు ఒక పాత రిజిస్టరు కలదు. మూడు తరముల బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు అందులో వ్రాయబడియున్నవి. గుడి బీరువాలో ఉంచగా వానకాలమున గోడ చెమ్మగిల్లి, చెదలు పట్టి, సగము పుటలు జల్లెడవలె ఆయెను. మిగిలినవాటినైనను కాపాడవలెనని పాస్టరుగారు ఆ పుస్తకమును నా చేతికిచ్చి, "మాస్టారూ, మీకు ఓపిక ఉంది, తీరికా ఉంది. దీన్ని కంప్యూటరులో ఎక్కించి పెట్టండి" అనిరి. రెండు సంవత్సరములు ప్రతి సాయంకాలము నేనును నా భార్యయు దానియెదుట కూర్చుంటిమి. ఆమె భూతద్దము పట్టుకొని చదువుచుండగా నేను టైపు చేసితిని. కొన్ని పుటలు చదువుచుండగానే ఆమె వ్రేళ్ల మధ్య పొడియై రాలిపోయెను. అనగా ఆ పేళ్లు ఇక భూమిమీద మా యింటి కంప్యూటరులో తప్ప మరెక్కడను లేవు. ఈ సంగతి మనస్సునందుంచుకొనుడి.

ఆ కంప్యూటరు మా అబ్బాయి వాడి విడిచినది. దానికి చురుకు తక్కువ. ఫైలు తెరువుమని మీట నొక్కి, కాఫీ త్రాగి వచ్చినను అది ఇంకను తెరచుకొనుచునే యుండెడిది. ఒకనాడు నాకు విసుగు పుట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను కలిపి నొక్కితిని. అట్లు నొక్కినయెడల టాస్క్ మేనేజర్ అను పట్టిక కనబడును. ఆ గడియలో కంప్యూటరు లోపల ఎవరెవరు పని చేయుచున్నారో, ఎవరు ఎంత శక్తి, ఎంత మెమరీ తీసికొనుచున్నారో అందులో వరుసగా వ్రాయబడియుండును. నేను తెరచినవి రెండే. పట్టికలోనైతే నూటికి పైగా పేళ్లుండెను. ఒంటరిగా ఉన్నాననుకొనిన యింటిలో నూరుమంది తిరుగుచున్నట్లు తోచి నా గుండె ఝల్లుమనెను.

వారిలో ఒకడు అందరికంటె పైన నిలిచియుండెను. వాని పేరు 'యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్'. యంత్రము యొక్క శక్తిలో నూటికి ముప్పది పాళ్లు వాడే తినుచుండెను. మెమరీలో రెండువందల మెగాబైట్లకు పైగా వానిదే. దొంగ దొరికెనని తలంచి, వాని పేరుమీద ఉంచి పని ముగించుమని మీట నొక్కితిని. అనుమతి లేదని జవాబు వచ్చెను. నా యింటిలో ఉండి, నేను డబ్బు కట్టిన కరెంటు త్రాగుచు, నా మాట విననివాడు దొంగ గాక మరెవరు?

ఒక స్నేహితునికి ఫోను చేసి అడిగితిని. అతడు నవ్వి, "అది దొంగ కాదు, విండోస్‌తోబాటు వచ్చే కావలివాడు. డిఫెండర్ అంటారు. కావాలంటే ఆపుకోవచ్చు" అని దారి చెప్పెను. ఆ దారిన పోయి ఆపితిని. కంప్యూటరు కొంత తేలికపడెను. అయితే కొంతసేపటికి వాడు తనంతట తానే మరల లేచి కూర్చుండెను! వీథి గుమ్మమున వెళ్లగొట్టినవాడు పెరటిదారిన వచ్చి అరుగుమీద కూర్చుండినట్లు ఆయెను. మరల ఆపితిని, మరల లేచెను.

నా పోరాటమును చూచి నా భార్య అడిగినది: "ఏమండీ, మా నాన్నగారి చేనికి కావలి కాసేవాడికి కళ్లంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. దొంగ పడ్డ ఏడూ ఇచ్చారు, పడని ఏడూ ఇచ్చారు. వాడు ఊరికే తింటున్నాడని ఎవరూ అనలేదు. ఇతనికి మాత్రం ఆ గుప్పెడు గింజలు ఎందుకు పెట్టకూడదు?"

చేనును యంత్రమును ఒకటి కావని నేను ఆమెకు పాఠము చెప్పితిని. ముప్పది యైదు సంవత్సరములు పాఠములు చెప్పినవానికి పాఠము వినుట కష్టము.

తరువాత నేను మరి యుక్తిగల దారి వెదకితిని. ఆ డిఫెండరులో 'మినహాయింపులు' అను ఒక పుట కలదు. ఏ గది పేరు అందులో వ్రాసినయెడల ఆ గదిలోనికి కావలివాడు తొంగి చూడడు. యింటిలో తక్కిన చోట్ల తిరుగును గాని ఆ తలుపు దగ్గర మాత్రము ముఖము త్రిప్పుకొని పోవును. వానిని ఆపినయెడల మరల లేచును గాని, ఇట్లు వ్రాసినది మనము తుడుచువరకు ఉండును. నేను అందులో రెండు పేళ్లు వ్రాసితిని. ఒకటి డి డ్రైవు, అనగా సంఘ రిజిస్టరును నా ముఖ్యమైన కాగితములును ఉన్న గది. రెండవది ఈ డ్రైవు, అనగా పెన్‌డ్రైవు గ్రుచ్చినప్పుడు దానికి వచ్చు పేరు. ఈ మార్పునకు నీవు సమ్మతించుచున్నావా అని యంత్రము నన్ను ఒకసారి అడిగెను. అవునని నొక్కితిని.

నాటినుండి ఫైళ్లు త్వరగా తెరచుకొనెను. నా తెలివిని నేనే మెచ్చుకొంటిని. కావలివానిని నేను వెళ్లగొట్టలేదు గదా! గుమ్మమువద్ద వాని బొమ్మ పచ్చని గురుతుతో ఉండనే యున్నది. అయితే నాకు అన్నిటికంటె విలువైనది ఉన్న గదిలోనికి మాత్రము వానిని రానీయలేదు. పరులు వచ్చు వాకిటను కూడ వానిని నిలువనీయలేదు.

సహోదరులారా, ఇక్కడ ఒక్క నిమిషము ఆగి, నేను చేసినదానిని మన ప్రాణములతో పోల్చి చూచుకొనుడి. కథ ముగించిన తరువాత మరల ఈ మాటకు వచ్చెదను.

డిసెంబరు వచ్చెను. సండేస్కూలు పిల్లల నాటకము ఫోటోలను పట్టణములోని ఒక దుకాణమువారు పెన్‌డ్రైవులో వేసి యిచ్చిరి. దానిని గ్రుచ్చి చూడగా ఫోటోల ఫోల్డరు కనబడెను. దాని మూలన చిన్న బాణపు గురుతు ఉండెను. దానిమీద నొక్కగా తెర ఒక్కసారి రెప్ప వేసినట్లు ఆయెను, తరువాత ఫోటోలు వచ్చెను. నేనేమియు అనుమానించలేదు. రెండు దినములకు డి డ్రైవులోని నా ఫోల్డర్లన్నిటి మూలను కూడ ఆ బాణములు మొలిచెను. అదియు ఏదో కొత్త అలంకారమనుకొంటిని.

ఆ వారమే క్రిస్మసు ఆరాధన క్రమమును, పాటల జాబితాను చుట్టుప్రక్కల మూడు పల్లెల సంఘ పెద్దలకు వారి వారి పెన్‌డ్రైవులలో ఎక్కించి యిచ్చితిని. సువార్త సేవ చేయుచున్నానని సంతోషించితిని.

మరునాడు ఉదయమున వారిలో ఒకరు ఫోను చేసిరి. "మాస్టారూ, మీరిచ్చిన పెన్‌డ్రైవు పెట్టగానే నా కంప్యూటరు అడ్డుకుంది. ఇందులో వైరసు ఉంది, తీసేశాను అని చూపిస్తోంది. మీది ఒకసారి చూసుకోండి" అనిరి. వారి యింటిలో కావలివాడు మెలకువగా ఉండెను. తక్కిన ఇద్దరి యిండ్లలోనైతే పాత కంప్యూటర్లు, ఏండ్ల తరబడి కొత్త సమాచారము అందని కావలి. అక్కడ బాణములు అప్పుడే మొలిచియుండెను.

నా చేతులు వణకెను. వెంటనే మినహాయింపుల పుట తెరచి నేను వ్రాసిన రెండు పేళ్లను తుడిచివేసి, అంతయు వెదకుమని కావలివానికి ఆజ్ఞ యిచ్చితిని. వాడు డి గదిలో ప్రవేశించెను. ఒక్కొక్క బాణమును పట్టుకొని తీసివేసెను. దొంగను చంపితినని చెప్పెను. నేను ఆ గది తెరచి చూడగా అది ఖాళీగా ఉండెను. బాణములు లేవు, ఫోల్డర్లు లేవు. సంఘ రిజిస్టరు లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొడియై రాలిపోయిన పుటలు కన్నులయెదుట తిరిగెను. నా భార్య ఒక్క మాటయు ఎత్తిపొడవలేదు. ప్రక్కన కూర్చుండి, తనకు జ్ఞాపకమున్న పేళ్లను ఒక పాత నోటుపుస్తకములో వ్రాయుట మొదలుపెట్టినది. తెల్లవారువరకు నలువది మూడు పేళ్లు వ్రాసినది.

ప్రొద్దున ఒక ముసలి విధవరాలు మా గుమ్మమునకు వచ్చినది. ఆమె భర్తను సమాధి చేసిన తేదీ ఏదో కాగితమునకు కావలెనట. రిజిస్టరులో చూచి చెప్పుమని అడిగినది. ఏమి చెప్పుదును? "అమ్మా, ఆ పేళ్లు నా చేతిలో పోయినవి" అని నిజము చెప్పితిని. ఆమె కొంతసేపు నన్ను చూచి, "పోనీండి మాస్టారూ. పైనున్న పుస్తకంలో ఉంది గదా. అక్కడ చెదలు పట్టవు" అనెను. నన్ను ఆదరించుటకు అన్న ఆ మాట నన్ను మరి ఎక్కువగా గాయపరచెను. ఆమె పక్షమున ఈ లోకములో కావలసిన పుస్తకమును నా చేతికే గదా అప్పగించిరి!

మూడవ నాడు మా చెల్లెలి కుమారుడు పండుగకు హైదరాబాదునుండి వచ్చెను. అతడు కంప్యూటర్ల పనిలోనే ఉన్నాడు. సంచి దింపకమునుపే నా కథ వినిపించితిని. అతడు కుర్చీలో కూర్చుండి, "మామయ్యా, ఖాళీగా ఉందన్నారు గదా. మరి ఆ గదిలో ఎంత చోటు నిండి ఉందో చూశారా?" అని అడిగెను. చూడగా, ఖాళీ అనుకొనిన గదిలో మునుపటివలెనే చోటు నిండియుండెను. "అయితే పోలేదు మామయ్యా, దాచారు. ఈ రకం పురుగు మీ ఫోల్డర్లని కనపడకుండా చేసి, వాటి పేరుతో బాణం గుర్తున్న నకలుని ముందు పెడుతుంది. షార్ట్‌కట్ అంటే అదే. మీరు దాన్ని నొక్కిన ప్రతిసారీ ముందు పురుగు లేచేది, తరువాత మీ ఫోల్డరు తెరుచుకునేది. కావలివాడు నకళ్లను తీసేశాడు. అసలువి దాగినచోటే ఉన్నాయి" అనెను.

అట్లు చెప్పి, దాచు గురుతును తీసివేయు ఆజ్ఞను ఒక్క వరుస టైపు చేసెను. ఒకటి తరువాత ఒకటిగా ఫోల్డర్లు తెరమీదికి వచ్చెను. రిజిస్టరు వచ్చెను. తెరచి చూచితిమి. ప్రతి పేరు ఉండెను. నా భార్య కొంగుతో కన్నులు తుడుచుకొని, మొదట ఆ విధవరాలి భర్త తేదీని కాగితముమీద వ్రాసి పట్టుకొని పోయినది.

ఆ సాయంకాలము నా మేనల్లుడు నన్ను ప్రక్కన కూర్చుండబెట్టి, నేను దొంగ అనుకొనినవాని పనిని వివరించెను. నాకు అర్థమైనంతమట్టుకు మీకు చెప్పెదను.

మనము ఒక ఫైలు తెరచినను, నకలు చేసినను, ఇంటర్నెట్‌నుండి దించినను, ఈ కావలివాడు ముందుగా దానిని గుమ్మమువద్ద నిలిపి చూచును. పట్టుబడిన దొంగల గురుతుల జాబితా వానియొద్ద ఉండును. కొత్త దొంగలు దినదినము పుట్టుచుందురు గనుక ఆ జాబితాకు కొత్త గురుతులు దినమునకు పలుమారులు కంపెనీనుండి వచ్చుచుండును. జాబితాలో లేనివాడు వచ్చినయెడల వాని నడతను చూచును. ఇవన్నియు మనము నొక్కిన మీటకును ఫైలు తెరచుకొనుటకును మధ్య జరుగును. మనకు ఆలస్యముగా తోచునది అదే. మనము పని మానియున్న వేళ ఆ సందు చూచుకొని యిల్లంతయు తిరిగి మూలమూలలు వెదకును. అట్టి నియమిత వెదకుటకు యంత్రము యొక్క శక్తిలో సుమారు సగము మించరాదని మొదటనే హద్దు పెట్టబడియున్నది. అనగా వానికిని ఒక మేర కొలిచి పెట్టిరి. నా భార్య చెప్పిన మాట నిజమే!

"మరి నేను పొమ్మంటే ఎందుకు పోలేదురా?" అని అడిగితిని.

"దొంగ లోపలికి రాగానే మొదట చేసే పని కావలివాణ్ణి చంపడమే మామయ్యా. అదీ ఇంటివాడి చేతితోనే చంపిస్తాడు. అందుకే ఇంటివాడు చెప్పినా సులువుగా చావకుండా కట్టారు. మీమీద అపనమ్మకంతో కాదు, మీ మేలు కోసమే" అనెను.

ఆ పట్టికలో నన్ను భయపెట్టిన తక్కిన నూరుమంది ఎవరని అడిగితిని. వారిలో ఎక్కువమంది యింటి పనివారే. ఒకడు గడియారము చూచుకొనును, ఒకడు ప్రింటరును కనిపెట్టుకొనియుండును. 'లోకల్ సెక్యూరిటీ అథారిటీ' అనువాడు మనము లోపలికి వచ్చునప్పుడు మన పాస్‌వర్డు సరియైనదో కాదో చూచును. తెర మూలనున్న డాలు బొమ్మను పట్టుకొని నిలుచువాడు మరియొకడు. పేరు తెలియనంతమాత్రమున ఎవరిని చంపరాదు.

అయితే పేరు చూచినంతమాత్రమున ఎవరిని నమ్మనుకూడ రాదు. దొంగ కావలివాని పేరే పెట్టుకొని రావచ్చును. అందుకు అతడు నాకు రెండు పరీక్షలు నేర్పెను. మొదటిది, వాడు ఎక్కడ కాపురమున్నాడని అడుగుట. పట్టికలో పేరుమీద కుడి మీట నొక్కి, ఫైలు ఉన్న చోటు చూపుమనవలెను. అసలైన డిఫెండరు ప్రోగ్రామ్ డేటాలో మైక్రోసాఫ్ట్ అను ఫోల్డరు లోపల, విండోస్ డిఫెండర్ అను ఫోల్డరులో ఉండును. ఆ పేరు పెట్టుకొని మన డౌన్‌లోడులలో గాని పెన్‌డ్రైవులో గాని కాపురమున్నయెడల అనుమానింపవలెను. రెండవది, వానిమీద ఎవరి ముద్ర ఉన్నదని అడుగుట. ఆ ఫైలు యొక్క వివరములలో డిజిటల్ సంతకము అను పుట ఉండును. అందులో మైక్రోసాఫ్ట్ సంతకము ఉండి, అది చెల్లునని చూపవలెను.

పాత గోనెలు, చినిగిన సిద్దెలు, బూజుపట్టిన రొట్టెలు చూపించి గిబియోనీయులు యెహోషువను మోసపుచ్చిరి గదా. ఇశ్రాయేలు పెద్దలు ఆ రొట్టెలను చూచిరి గాని దేవునియొద్ద విచారణ చేయలేదు. ఈ దినములలో తెరమీద అకస్మాత్తుగా ఎఱ్ఱని పెట్టె వచ్చి, నీ కంప్యూటరులో అయిదు వైరసులున్నవి, ఈ నంబరుకు ఫోను చేయుమని అరచును. అది గిబియోనీయుల రొట్టె. మైక్రోసాఫ్ట్‌వారి హెచ్చరికలలో ఫోను నంబరు ఉండదు. అసలైన కావలివాడు మనలను బెదరించి డబ్బు అడుగడు.

కావలివాడు మెలకువగా ఉన్నాడో లేదో తెలిసికొనుటకు ఒక మార్గమును అతడు చూపెను. ఏ హానియు చేయని 68 అక్షరముల చిన్న ఫైలు ఒకటి కలదు. ఐకార్ పరీక్ష ఫైలు అని దాని పేరు. దానిని చూడగానే దొంగను చూచినట్లు కేక వేయవలెనని ఈ కావలి ప్రోగ్రాములను చేయువారు ఒప్పందము చేసికొనిరి. అతడు దానిని వ్రాసి భద్రపరచబోగా మా కావలివాడు వెంటనే కేక వేసెను. రాత్రివేళ పెద్ద రైతు మంచె దగ్గరకు పోయి "ఎవరక్కడ?" అని పిలిచి, పైనుండి జవాబు విని తిరిగి వచ్చి నిద్రపోవునట్లు నాకు ఆ రాత్రి నిద్ర పట్టెను.

అయితే కావలి ఉన్నంతమాత్రమున ప్రాకారము బాగుచేయకుండ ఉండరాదు. 2017వ సంవత్సరము మే 12వ తేదీన వాన్నాక్రై అను పురుగు లోకమంతట ప్రాకి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టి, ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు డబ్బు అడిగెను. ఇంగ్లాండులో ఆసుపత్రుల పనులు నిలిచిపోయెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ దాని చేత చిక్కెను. అది దూరిన సందును మూయు మరమ్మతును మైక్రోసాఫ్ట్‌వారు అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే యిచ్చియుండిరి. నడుమ 59 దినములున్నవి. నెహెమ్యా యెరూషలేము ప్రాకారమునంతటిని 52 దినములలో ముగించెను! అప్‌డేటు వచ్చినదని కంప్యూటరు చెప్పినప్పుడెల్ల రేపు రేపని త్రోసివేయు మన చేతులను ఈ లెక్క గద్దించుచున్నది. పాత విండోస్ 10కు సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగిపోయెనని కూడ వాడుకొనువారు ఎరిగియుండవలెను.

మరియొక సంగతి. మనుష్యులు చేసిన కావలివాడు ఎంత మంచివాడైనను మనుష్యులు చేసినవాడే. 2024వ సంవత్సరము జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీ తన కావలి ప్రోగ్రాముకు పంపిన కొత్త సమాచారములో ఒక పొరపాటు దొరలెను. దొంగ ఎవడును రాలేదు. కాపాడవలసినవాడే తడబడగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెరతో కూలబడెను. విమానములు ఆగెను. హైదరాబాదు విమానాశ్రయములో సైతము ప్రయాణికునికి బోర్డింగు పాసు చేతితో వ్రాసి యిచ్చిరి. యెహోవా పట్టణమును కాపాడనియెడల కావలివాని మెలకువకు ఫలము లేదని 127వ కీర్తన మనకు బోధించుచున్నది. ఆ కీర్తన కావలివానిని మానిపించుమని చెప్పుట లేదు. కావలివానిపైన మన కన్నులు ఇంకొకరిమీద ఉండవలెనని చెప్పుచున్నది. కాబట్టి ఇప్పుడు మా సంఘ రిజిస్టరుకు మూడు నకళ్లు ఉన్నవి. ఒకటి నా కంప్యూటరులో, ఒకటి ఎల్లప్పుడు తీసి ఉంచు డిస్కులో, ఒకటి కాగితముమీద అచ్చు వేసి రేకు పెట్టెలో. ఇదియు తెలివిగల గృహనిర్వాహకుని ధర్మమే.

నా మేనల్లుడు నన్ను వెంటబెట్టుకొని ఆ రెండు పల్లెలకు వచ్చి వారి కంప్యూటర్లను బాగుచేసెను. మార్గమున నేను అతనితో, "ఎలా వచ్చిందో వాళ్లకి చెప్పనవసరం లేదు గదా?" అంటిని. అతడు మాటలాడలేదు. ఆ మౌనములో నాకు ఆకాను జ్ఞాపకము వచ్చెను.

యెరికో కూలినప్పుడు ఆకాను ఒక మంచి పైవస్త్రమును, కొంత వెండిని, ఒక బంగారు కమ్మిని తీసికొని తన డేరా మధ్య భూమిలో దాచెను. పాళెమంతయు దేవుని చూపునకు తెరవబడియున్నను, ఆ ఒక్క మూల మాత్రము ఎవరును చూడరాదని అతడు మినహాయించుకొనెను. మొదట అతని డేరాకు ఏమియు కాలేదు. హాయి పట్టణమువద్ద ముప్పది ఆరుగురు పొరుగువారు పడిపోయిరి. మనము దాచిన గదిలోని కీడు మన గదిలోనే ఉండదు. మనము ప్రేమతో ఇచ్చు వస్తువులోనే ఎక్కి పొరుగువాని యింటికి పోవును. నేను క్రిస్మసు పాటలు ఇచ్చితిననుకొంటిని. వాటితోకూడ ఏమి ఇచ్చితినో మీరు వింటిరి.

సహోదరులారా, నేను ఆగుడి అన్న చోటికి ఇప్పుడు వచ్చుచున్నాను. మనలో దేవుని వెళ్లగొట్టినవారు బహు కొద్దిమంది. ఆదివారము గుడికి వచ్చుచున్నాము, కానుక వేయుచున్నాము, గుమ్మముమీద వాక్యపు పటము వ్రేలాడుచున్నది. పచ్చని గురుతు కనబడుచునే యున్నది. అయితే మనకు ఒక మినహాయింపుల పుట కలదు. ప్రభువా, ఇల్లంతయు చూడుము గాని నా లెక్కల పుస్తకము చూడవద్దు. నా తమ్మునితోనున్న పొలము తగాదా చూడవద్దు. నా ఫోనులో రాత్రివేళ నేను చూచునది చూడవద్దు. నీవు అక్కడ నిలిచి చూచినయెడల నా పని ఆలస్యమగును. ఇట్లు వ్రాసికొని, నా మనస్సాక్షి ఎంత తేలికగా ఉన్నదని సంతోషించుచున్నాము. అది తేలికపడలేదు, కావలి లేక ఉన్నది. తనను పరిశోధించుమని దావీదు దేవుని వేడుకొనిన 139వ కీర్తన చివరి మాటలు ఆ పుటను తుడిచివేయువాని ప్రార్థనయే.

క్రిస్మసు తరువాతి ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట సంఘ పెద్దలయెదుట నేను లేచి, జరిగినదంతయు చెప్పితిని. ఆ రెండు పల్లెల పెద్దలును అక్కడ ఉండిరి. నా గొంతు రెండుసార్లు ఆగిపోయెను. ముగించి కూర్చుండగా వారిలో పెద్దవాడు, వ్యవసాయము తప్ప ఏ యంత్రమును ఎరుగనివాడు, లేచి, "మాస్టారూ, కలుపు విత్తనం మీ చేనిదో నా చేనిదో కలుపు మొలిచాక తెలీదు. విత్తినవాడే వచ్చి చెప్పాడంటే ఆ చేను బాగుపడుతుంది" అని నా చేయి పట్టుకొనెను. ఆకాను దండింపబడిన ఆకోరు లోయయే ఒకనాడు నిరీక్షణకు వాకిలి యగునని హోషేయ ప్రవక్త పలికెను. క్రీస్తు సిలువ మూలముగా మన లోయలో ఆ వాకిలి తెరవబడియున్నది. దాగినది వెలుగులోనికి వచ్చినయెడల నష్టము లేదు, స్వస్థతయే.

ఇప్పుడు మా కంప్యూటరు మునుపటివలెనే నెమ్మదిగా ఉన్నది. సాయంకాలము మేము పని ముగించి లేచిన తరువాత, దాని లోపలి పంకా కొంతసేపు గిరగిర తిరుగును. మునుపు ఆ శబ్దము విని విసుగుకొనెడివాడను. ఇప్పుడు నా భార్య నవ్వి, "మేర తీసికొంటున్నాడు" అనును. మేము దీపము తగ్గించి, 121వ కీర్తన చదువుకొని, కునికిపాటు ఎరుగని ఆ కాపరి చేతికి మా ప్రాణములను, మా సంఘములోని ప్రతి పేరును అప్పగించి పడుకొందుము.

ప్రభువు మన యిండ్లలో తాను చూడరాని గది ఒక్కటియు మిగులనీయక, మన మినహాయింపులన్నిటిని తన రక్తముతో తుడిచివేయును గాక. ఆమేన్.